యెల్లోస్టోన్ ప్రయాణం: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

ఏప్రిల్ దాటిందంటే చాలు, ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు దిగడం మొదలవుతుంది, వాళ్లని ఎక్కడికి తిప్పాలన్న చర్చా మొదలవుతుంది. నయాగరా, న్యూయార్క్ అయ్యాక వచ్చే పేరు యెల్లోస్టోన్, అమెరికాలోని నేషనల్ పార్కు. నేను మూడుసార్లు వెళ్లొచ్చాను, ఒకసారి మా అమ్మానాన్నలతో. అప్పటి నుంచి వాట్సాప్‌లో అవే సందేహాలు, కొన్ని అర్ధరాత్రి దాటాక కూడా. అందుకే ఒకచోట రాసి పెట్టేస్తున్నా. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను: అందరూ భయపడేది ఆ పార్కు కింద ఉన్న అగ్నిపర్వతానికి, కానీ అక్కడ మనుషుల్ని నిజంగా దెబ్బతీసేవి మరిగే నీళ్లు, బైసన్లు (అక్కడి అడవి దున్నలు), రోడ్డు మీద మన తొందర.

## బయల్దేరే ముందు

ఒక్క రోజులో చూసేయొచ్చా? మాకు లాంగ్ వీకెండ్ మాత్రమే ఉంది.

చూసేయొచ్చు, చూశామని చెప్పుకోవడానికైతే. పార్కు దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు, అంటే జిల్లాలు విడగొట్టక ముందు మన కృష్ణా జిల్లా కంటే కాస్త పెద్దది. లోపల రోడ్డు ఎనిమిది అంకె ఆకారంలో తిరుగుతుంది, చుట్టూ 228 కిలోమీటర్లు. మ్యాప్‌లో చూసి ఇంతేనా అనుకుంటారు. కానీ వేగం గంటకు 45 మైళ్లు దాటకూడదు, దానికి తోడు ఎక్కడో ఒక బైసన్ మంద రోడ్డు మధ్యలో తాపీగా నడుస్తూ ఉంటుంది, వెనక వంద కార్లు. మా మొదటి ట్రిప్పులో అలా ముప్పావుగంట ఇరుక్కుపోయాం. మూడు రోజులు పెట్టుకోండి: ఒకటి వేడి నీళ్లు ఎగజిమ్మే గీజర్లకి, ఒకటి నది కోసిన లోయ కాన్యన్‌కి, సరస్సుకి, ఒకటి ఉత్తరం వైపు మామత్, లమార్ లోయకి. రెండే రోజులు ఉంటే ఉత్తరం వదిలేయండి గానీ అన్నీ ముట్టుకుని రావాలని పరిగెత్తకండి.

ఏ నెల మంచిది?

జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా. నాకైతే సెప్టెంబరే ఇష్టం, బడులు తెరిచేస్తారు కాబట్టి జనం తగ్గుతారు. నవంబర్ మొదట్లో చాలా రోడ్లు కార్లకి మూసేస్తారు, మళ్లీ ఏప్రిల్ మూడోవారం నుంచి ఒక్కొక్కటిగా తెరుస్తారు. ఏడాది పొడవునా కార్లు తిరిగేది ఉత్తర ద్వారం నుంచి ఈశాన్య ద్వారం దాకా ఉన్న రోడ్డు ఒక్కటే. జూన్‌లో కూడా మంచు పడొచ్చు, ఇండియా నుంచి వచ్చినవాళ్లకి స్వెటర్ కాదు, జాకెట్టే కావాలి.

ఎంట్రీ ఫీజు ఎంత?

ఫీజులు మారుతూ ఉంటాయి, విదేశీ సందర్శకుల లెక్క కూడా వేరుగా ఉంటోంది. పాత పోస్టులు నమ్మి వెళ్లకండి, బయల్దేరే వారంలో నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నకి బీపీ. తీసుకెళ్లడం రిస్కేమో?

పార్కులో చాలా భాగం సముద్ర మట్టానికి 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది, అంటే ఊటీ కంటే ఎత్తు. మొదటి రోజు నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వస్తుంది, పెద్దవాళ్లకి ఇంకా ఎక్కువ. గుండె జబ్బు, బీపీ ఉంటే డాక్టర్‌ని ఒక మాట అడిగి కదలండి, మొదటి రోజు ఎక్కువ నడక పెట్టుకోకండి, నీళ్లు బాగా తాగించండి. నడక మాత్రం అనుకున్నంత కష్టం కాదు. ముఖ్యమైన చోట్ల నేల మీద చెక్క దారులు వేసి ఉన్నాయి, బోర్డ్‌వాక్ అంటారు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే గీజర్ దగ్గరైతే పార్కింగ్ నుంచి కాస్త నడిస్తే బెంచీలు, కూర్చునే చూడొచ్చు, వీల్‌చైర్ కూడా వెళ్తుంది. మా అమ్మ అక్కడే బెంచీ మీద ఒక పూటంతా గడిపి "నాకు ఇది చాల్రా" అంది. మేం ఊరంతా తిరిగొచ్చి చూపించిన ఫొటోల కంటే ఆవిడే ఎక్కువ చూసిందని నా అనుమానం.

ఫోన్ సిగ్నల్ ఉంటుందా?

చాలా చోట్ల ఉండదు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రెండు కార్లలో వెళ్తే ఎక్కడ, ఎన్నింటికి కలవాలో పొద్దున్నే తేల్చుకోండి, లేకపోతే సాయంత్రం దాకా ఒకళ్లనొకళ్లు వెతుక్కోవడమే.

రైస్ కుక్కర్ తీసుకెళ్లాం, అన్నం పలుకు పలుకుగా ఉంటోంది. కుక్కర్ పాడైందా?

కుక్కర్ బాగానే ఉంది, నీళ్లే తొందరగా మరిగిపోతున్నాయి. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఆ ఎత్తున నీళ్లు 100 డిగ్రీలకి కాదు, సుమారు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. ఎంత సేపు మరిగించినా అంతకు మించి వేడెక్కవు, అందుకే బియ్యం ఉడకడానికి ఎక్కువ టైమ్ పడుతుంది. బియ్యం అరగంట నానబెట్టి, ఒక అరగ్లాసు నీళ్లు ఎక్కువ పోయండి. పప్పు సంగతైతే ప్రెషర్ కుక్కర్ ఉంటేనే ఆలోచించండి. గదిలో వండుకోనిస్తారో లేదో మాత్రం బుక్ చేసుకున్నప్పుడే అడగండి.

## గీజర్ల దగ్గర

గీజర్ అంటే బాత్రూంలో నీళ్లు కాగేదే కదా, దీనికీ అదే పేరేంటి?

పేరు ముందు దీనిదే, బాత్రూం డబ్బాకి తర్వాత పెట్టారు. ఐస్‌లాండ్‌లో గేసిర్ అనే ఊట ఉంది, ఎగజిమ్మడం అనే అర్థమున్న వాళ్ల మాట నుంచి దానికా పేరు వచ్చింది. ఆ ఊట పేరే ప్రపంచంలో ఇలాంటివాటన్నిటికీ స్థిరపడింది. మా నాన్నగారికి ఇది చెప్పాక ఇంటికెళ్లి స్విచ్ వేసిన ప్రతిసారీ "ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఆన్ చేశానర్రా" అనడం మొదలెట్టారు.

అసలు నీళ్లు అంత ఎత్తుకి ఎలా ఎగురుతాయి? కింద మోటారేమైనా ఉందా?

మోటారు లేదు, మీటలేమీ లేవు, అంతా నీళ్లూ వేడే చేస్తాయి. వానగా, మంచుగా పడిన నీరు రాళ్ల సందుల్లోంచి లోతుకి ఇంకుతుంది. కింద ఉన్న శిలాద్రవం వేడికి అక్కడి రాళ్లు కాలిపోతూ ఉంటాయి, ఆ నీరు కాగుతుంది. కానీ పైన నిలువునా నీటి స్తంభం బరువు ఉంది కాబట్టి కింది నీరు 100 డిగ్రీలు దాటినా మరగలేదు, మూత బిగించిన ప్రెషర్ కుక్కర్లో జరిగేది ఇదే. పార్కులో నోరిస్ అనే చోట 332 మీటర్ల లోతుకి బోరు వేసి కొలిస్తే 237 డిగ్రీల సెల్సియస్ ఉంది, ఊహించుకోండి.

మామూలు వేడి నీటి గుంటలో కాగిన నీరు పైకి వచ్చి చల్లారి మళ్లీ కిందికి పోతుంది, గొడవ లేదు. గీజర్‌కి మాత్రం దారి మధ్యలో ఇరుకు ఉంటుంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గొట్టంలోకి కెమెరా దింపి చూస్తే సుమారు 7 మీటర్ల లోతులో దారి వెడల్పు పది సెంటీమీటర్లే. ఆవిరి బుడగలు అక్కడ ఇరుక్కుని, ఒక దశలో పైనున్న కాస్త నీటిని బయటికి తోసేస్తాయి. మీరు చూసే ఆ మొదటి చిన్న పొంగు అదే. అంత నీరు పోగానే బరువు తగ్గింది, ఒత్తిడి తగ్గింది, అప్పటిదాకా బలవంతాన నీరుగా ఉన్నదంతా ఒక్కసారిగా ఆవిరైపోతుంది. నీరు ఆవిరైతే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది కదా, ఇక పైకి తప్ప పోయే దారి లేదు. విజిల్ రాకముందే కుక్కర్ మూత లాగితే వంటింటి పైకప్పుకి పప్పు అంటుకుంటుందే, అదే లెక్క.

ఇంకో ముక్క కూడా చెప్పాలి. అక్కడి రాయి రయొలైట్, అంటే లావా గట్టిపడి అయిన ఒక రకం రాయి, అందులో సిలికా (ఇసుకలో, గాజులో ఉండేదే) ఎక్కువ. వేడి నీరు ఆ సిలికాని కరిగించుకొచ్చి గొట్టం గోడలకి పూత పూస్తుంది, అందుకే అంత ఒత్తిడికీ గొట్టం పగలదు. వేడి, నీరు, ఆ గొట్టం, మూడూ ఒకేచోట కుదరడం అరుదు.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గంటకోసారి కచ్చితంగా వస్తుందట కదా?

గంటకోసారి కాదు. ఇప్పుడు సగటున గంటన్నరకోసారి, కొన్నిసార్లు గంటకే రావొచ్చు, కొన్నిసార్లు గంటా యాభై నిమిషాలూ పట్టొచ్చు. 1870లో ఆ పేరు పెట్టారు. క్రితంసారి ఎంతసేపు ఎగసిందో చూసి తర్వాతది ఎప్పుడొస్తుందో చెప్తారు, తక్కువసేపు ఎగిస్తే తొందరగా వస్తుంది, ఎక్కువసేపు ఎగిస్తే ఆలస్యం. విజిటర్ సెంటర్లో టైమ్ రాసి పెడతారు, పది నిమిషాలు అటూ ఇటూ. ఎత్తు 32 నుంచి 56 మీటర్లు, ఉండేది ఒకటిన్నర నుంచి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ ఫోన్ పట్టుకుని గడపకండి, దాని వీడియోలు లోకంలో కావలసినన్ని ఉన్నాయి. అన్నట్టు 1959లో దగ్గర్లో 7.3 తీవ్రతతో భూకంపం వచ్చాక దీని విరామమే మారింది, కింది గొట్టాలు ఎంత సున్నితమో దాన్నిబట్టి తెలుస్తుంది.

దానికంటే పెద్ద గీజర్ ఉందట, అది చూడొచ్చా?

నోరిస్‌లో ఉంది, పేరు స్టీమ్‌బోట్. ఇప్పుడు ప్రపంచంలో ఎగసేవాటిలో ఇదే అన్నిటికన్నా ఎత్తు, 90 మీటర్లు దాటుతుంది. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అదృష్టం ఉంటే కనిపిస్తుంది, మాకు మూడుసార్లూ పొగే కనిపించింది.

మన దేశంలో గీజర్లు లేవా?

వేడి నీటి ఊటలు చాలా ఉన్నాయి: మణికరణ్, లద్దాఖ్‌లో పూగా లోయ, మనకి దగ్గర్లో భద్రాచలం పక్కన గుండాల, అక్కడ గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడి నీళ్లు ఊరతాయి. కానీ యెల్లోస్టోన్ స్థాయిలో ఎగజిమ్మేవి లేవు. ప్రపంచంలో చురుగ్గా ఉన్న గీజర్లలో సగానికి పైగా యెల్లోస్టోన్‌లోనే ఉన్నాయి, 500కి పైమాట. మిగతావి ఎక్కువగా రష్యాలో కమ్చట్కా, చిలీలో ఎల్ తతియో, న్యూజిలాండ్, ఐస్‌లాండ్‌లలో. ఐస్‌లాండ్‌లో స్ట్రోకుర్ అని ఒకటి ఉంది, పది నిమిషాల లోపే మళ్లీ మళ్లీ ఎగుస్తుంది, ఓపిక లేనివాళ్లకి అది మేలు.

## రంగులు, వాసనలు, రాళ్లు

గ్రాండ్ ప్రిస్మాటిక్ వేడి నీటి గుంట ఫొటోల్లో ఆ రంగులు నిజమేనా? ఫొటోషాప్ అనిపిస్తుంది.

నిజమే, కాకపోతే పక్కన నిలబడి చూస్తే అన్నీ కనిపించవు. దాని వెడల్పు వంద మీటర్లకి పైన, నేల మీద నుంచి చూస్తే ఆవిరే ఎక్కువ, చల్లటి పొద్దునపూట అయితే ఆవిరి తప్ప ఏమీ కనిపించదు. ఫెయిరీ ఫాల్స్ దారిలో కొండ మీద ఒక వ్యూపాయింట్ ఉంది, మధ్యాహ్నం ఎండలో అక్కడికి ఎక్కండి. మధ్యలో నీలం నీటిదే, లోతైన శుభ్రమైన నీటిలో వెలుగు చెదిరి నీలంగా కనిపిస్తుంది. అక్కడ నీరు దాదాపు 87 డిగ్రీలు, రంగులిచ్చే జీవులు బతకలేవు. అంచుకి వచ్చేకొద్దీ చల్లారుతుంది, ఒక్కో వేడికి ఒక్కో రకం సూక్ష్మజీవులు: పసుపు, తర్వాత నారింజ, చివర ఇటుక రంగు. క్యారెట్‌కి రంగునిచ్చే జాతి పదార్థాలే వీటిలోనూ ఉంటాయి.

కోవిడ్ టెస్టుకీ యెల్లోస్టోన్‌కీ సంబంధం ఉందని విన్నాం, నిజమా?

నిజం. థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త 1960లలో ఇక్కడి వేడి నీటి గుంటల్లో ఒక బాక్టీరియాని కనిపెట్టాడు, దాని పేరు థెర్మస్ అక్వాటికస్. అంత వేడిలో బతికే జీవి కాబట్టి దాని ఎంజైము కూడా వేడికి చెడదు. డీఎన్ఏ ముక్కని కోట్ల నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిలో మాటిమాటికీ వేడి చేయాలి, మామూలు ఎంజైము అయితే ప్రతిసారీ చెడిపోతుంది, దీనిది చెడదు. పీసీఆర్ కనిపెట్టిన కేరీ మల్లిస్‌కి 1993లో నోబెల్ వచ్చింది. ముక్కులో పుల్ల పెట్టించుకున్న మనందరం ఒకరకంగా ఆ గుంటకి బాకీ.

మామత్ దగ్గర తెల్ల మెట్లలా ఉన్నాయి, అవి ఎవరు కట్టారు?

నీళ్లే కట్టాయి, ఇంకా కడుతున్నాయి. ఆ వైపు నేల కింద సున్నపురాయి ఉంది. వేడి నీరు దాన్ని కరిగించుకుని పైకి వచ్చి, గాలి తగలగానే కార్బన్ డయాక్సైడ్ పోగొట్టుకుని సున్నాన్ని అక్కడే వదిలేస్తుంది. ఆ రాయిని ట్రావెర్టైన్ అంటారు. బొర్రా గుహల్లో పైనుంచి వేలాడే రాళ్లు చూసే ఉంటారు, కెమిస్ట్రీ రెండుచోట్లా ఒకటే, అక్కడ చుక్కచుక్కగా, ఇక్కడ ధారగా. ఊట దారి మారితే పాత మెట్లు ఎండి బూడిద రంగుకి తిరుగుతాయి, కాబట్టి ఐదేళ్ల కిందటి ఫొటో పట్టుకుని వెతక్కండి.

కుళ్లిన కోడిగుడ్ల వాసన ఎందుకు? బురద కూడా ఉడుకుతోంది!

వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. కొన్ని సూక్ష్మజీవులు దాన్ని వాడుకుని ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లానికి చుట్టూ ఉన్న రాయి కరిగి బంకమట్టి అవుతుంది, నీరు తక్కువగా ఉన్నచోట అదే బురదలా ఉడుకుతుంది. ఫౌంటెన్ పెయింట్ పాట్ దగ్గర వినండి, జావ కాగుతున్న చప్పుడే. పిల్లలకి గీజర్ల కంటే ఇదే నచ్చుతుంది.

గ్రాండ్ కాన్యన్ అంటే ఇదేనా? టికెట్లు ఆరిజోనాకి తీసుకోవాలా?

ఆరిజోనాది వేరే, అది 446 కిలోమీటర్ల పొడవు. ఇది యెల్లోస్టోన్ నది కోసిన లోయ, సుమారు 32 కిలోమీటర్లు, 94 మీటర్ల జలపాతం దీని సొంతం. ఈ పొరపాటుతో ఒకాయన హోటల్ తప్పుచోట బుక్ చేసుకున్నాడు, పేరు చెప్పను. వేడి నీటికి మెత్తబడ్డ రయొలైట్‌లోని ఇనుము తుప్పుపట్టి లోయ గోడలకి ఆ పసుపు, ఎరుపు వచ్చాయి. గండికోట చూసినవాళ్లకి లోయ రూపం కొత్తగా అనిపించకపోవచ్చు, రంగు మాత్రం అనిపిస్తుంది.

## జాగ్రత్తలు

అత్తయ్యగారు నీళ్లు తల మీద చల్లుకుంటానంటున్నారు, ఒక కాయిన్ వేస్తానంటున్నారు. పర్వాలేదా?

పర్వాలేదు కాదు, రెండూ వద్దు. ఆవిడ భక్తిని తప్పుపట్టడం లేదు, మన దగ్గర వేడి నీటి గుండం కనిపిస్తే చేసేది అదే. ఇక్కడి నీరు కొన్నిచోట్ల మరిగే నీరు, కొన్నిచోట్ల ఆమ్లం, ముట్టుకుంటే చర్మం ఊడొస్తుంది, పైగా చట్టప్రకారం నేరం. నాణేల సంగతికి మార్నింగ్ గ్లోరీ పూల్ చూపించండి: జనం ఏళ్ల తరబడి నాణేలు, చెత్త వేసి ఊట దారి మూసేశారు, నీరు చల్లబడి, ఒకప్పుడు నీలంగా ఉన్న గుంట అంచుల్లో పసుపెక్కింది. 2018లో ఇయర్ స్ప్రింగ్ అనే ఊట ఒక్కసారిగా ఎగసి దశాబ్దాల నాటి చెత్తంతా కక్కేసింది, అందులో 1930ల నాటి పసిపిల్లల పాలపీక కూడా ఉంది.

ఫొటో కోసం బోర్డ్‌వాక్ దిగి రెండడుగులు వేస్తే ఏమవుతుంది?

అక్కడ నేల అనుకుంటున్నది చాలాచోట్ల పలుచటి పెంకు, అట్టు అంచులా, కింద మరిగే నీరు. పార్కు చరిత్రలో ఇరవై మందికి పైగా ఈ నీళ్లలో కాలి చనిపోయారు. చిన్నపిల్లల చెయ్యి వదలకండి, చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు.

బైసన్ మన గేదెలాగే ఉంది, సాధువులా నిలబడింది. పక్కన ఫొటో?

వద్దు. పార్కులో ఎక్కువమందిని గాయపరిచిన జంతువు ఎలుగు కాదు, ఇదే. మనిషి కంటే మూడు రెట్లు వేగంగా పరిగెడుతుంది. కనీసం 23 మీటర్లు, ఎలుగులకీ తోడేళ్లకీ 91 మీటర్ల దూరం రూలు. తోక పైకి లేపిందంటే చిరాకు పడుతోందని, అప్పటికే ఆలస్యమై ఉండొచ్చు.

పులిహోర, ఆవకాయ తీసుకెళ్లొచ్చా?

శుభ్రంగా తీసుకెళ్లండి, బయట తిండి ఖరీదు, రుచి సంగతి చెప్పక్కర్లేదు. తిన్నాక బల్ల మీద వదలకండి, టెంట్‌లో పెట్టకండి. ఎలుగు ముక్కుకి ఆవకాయ మైలు దూరానికి తెలిసినా ఆశ్చర్యం లేదు. కారులోనో, క్యాంపులో ఉండే ఇనుప పెట్టెలోనో పెట్టి మూసేయండి.

## అగ్నిపర్వతం సంగతి

అది పేలాల్సిన టైమ్ దాటిపోయిందట కదా? యూట్యూబ్‌లో చూశాం, టెన్షన్‌గా ఉంది.

దాటలేదు. ఇక్కడ మూడు పెద్ద పేలుళ్లు జరిగాయి: సుమారు 21 లక్షలు, 13 లక్షలు, 6.4 లక్షల ఏళ్ల కిందట. మధ్య విరామాలు సుమారు 8 లక్షలు, 6.6 లక్షలు. సగటు వేస్తే ఏడు లక్షలు దాటుతుంది, ఆ లెక్కనే చూసినా ఇంకా లక్ష ఏళ్ల దాకా ఉంది. అసలు రెండు విరామాలతో సగటు తీసి తేదీ చెప్పడమే తప్పు, అగ్నిపర్వతం ఆర్టీసీ బస్సు కాదు. ఒక ఏడాదిలో అంత పెద్ద పేలుడు జరిగే అవకాశం 7.3 లక్షల్లో ఒకటని అమెరికా జియొలాజికల్ సర్వే అంచనా. చివరిసారి లావా పారింది 70,000 ఏళ్ల కిందట.

అయితే మన కాళ్ల కింద లావా చెరువు ఉందన్నమాట?

చెరువు కాదు. చాలా భాగం వేడి రాయే, దాని సందుల్లో కరిగినది ఉంటుంది. 2022లో వచ్చిన ఒక అధ్యయనం కరిగిన భాగం 16 నుంచి 20 శాతం అని లెక్కకట్టింది, పెద్దగా పేలాలంటే అంతకంటే చాలా ఎక్కువ కరగాలి. భూమి కాస్త ఉబ్బుతుంది, కాస్త కుంగుతుంది, ఏడాదికి 1,500 నుంచి 2,500 దాకా భూకంపాలు వస్తాయి, ఎక్కువ భాగం మనకి తెలియనే తెలియవు. ఇదంతా దానికి మామూలే.

2024లో పేలిన వీడియో చూశాం, జనం పరిగెత్తారు. అది అగ్నిపర్వతం కాదా?

కాదు. జూలై 23న బిస్కట్ బేసిన్‌లో బ్లాక్ డైమండ్ పూల్ దగ్గర జరిగింది అది. కింద చిక్కుకున్న వేడి నీరు ఒక్కసారిగా ఆవిరై రాళ్లు, బురద ఎగదోసింది, శిలాద్రవం బయటికి రాలేదు. బోర్డ్‌వాక్ విరిగింది, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ తర్వాత ఆ చోటు మూసేశారు. నన్నడిగితే భయపడాల్సింది ఇలాంటివాటికే, ఇవి చెప్పి రావు.

ఒకవేళ పేలితే బూడిద ఇండియా దాకా వస్తుందా? మావాళ్లంతా కర్నూలులో ఉన్నారు.

కర్నూలు అన్నారు కాబట్టి చెప్తాను, అక్కడికి ఒకసారి ఇలాంటి బూడిద వచ్చింది. యెల్లోస్టోన్‌ది కాదు, సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలో సుమత్రా దీవి మీద టోబా పేలినప్పటిది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో ఆ బూడిద పొర ఇప్పటికీ కనిపిస్తుంది, టోబా నుంచి సుమారు 2,600 కిలోమీటర్ల దూరం అది. పొర కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి, అంటే ముందూ తర్వాతా అక్కడ మనుషులు ఉన్నారు. యెల్లోస్టోన్ భూగోళానికి అవతలి పక్క, మందపాటి పొర మన దాకా రావడం కష్టం. మీవాళ్లని నిశ్చింతగా ఉండమనండి, వీలైతే జ్వాలాపురం ఒకసారి వెళ్లి రమ్మనండి, వీసా అక్కర్లేదు.

## తిరిగొచ్చేటప్పుడు

గుర్తుగా ఒక చిన్న రాయి తెచ్చుకోవచ్చా? అంత పెద్ద పార్కులో ఒక రాయికి ఏమవుతుంది?

కుదరదు. రాయి, పువ్వు, ఈక, రాలిపడిన కొమ్ము, ఏదీ తీసుకెళ్లకూడదు, జరిమానా ఉంటుంది. మా నాన్నగారు ఒక గులకరాయి జేబులో వేసుకుని, రేంజర్‌ని చూడగానే ఏమీ ఎరగనట్టు తీసి ఒడ్డున పెట్టేశారు. ఆ తర్వాత షాపులో పన్నెండు డాలర్లు పెట్టి ఒక మగ్ కొన్నారు, ఇప్పుడు అందులో పెన్నులు పెట్టుకుంటున్నారు.